పొద్దు వాలేలోపు ఘాట్ దిగాలి: విశాఖ, అరకు, పాడేరు మా కుటుంబ ప్రయాణం

డిసెంబరు రెండో వారంలో మా ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నుంచి విశాఖపట్నం, అక్కణ్నుంచి అరకు, పాడేరు తిరిగొచ్చాం. అమ్మ, నాన్న, పెద్దమ్మ, అక్కా బావగారు, తమ్ముడూ మరదలు, మా ఆయన, నేను, ముగ్గురు పిల్లలు. మొత్తం పన్నెండు మందిమి. ఏర్పాట్లన్నీ నేనే చూసుకున్నాను. వచ్చిన దగ్గర్నుంచి చుట్టాల్లో, ఆఫీసులో చాలామంది "ఏమేం చూశారు, లిస్టు పంపవా" అని అడుగుతున్నారు. చూడాల్సినవి ఎవరైనా చెప్తారు. ఊరూ కొండా రెండూ ఉన్న ప్రయాణంలో, డెబ్బై దాటినవాళ్లూ ఎనిమిదేళ్లవాళ్లూ కలిసి బయల్దేరినప్పుడు, ఏది ఏ పూట పెట్టుకోవాలన్నదే అసలు పని. దాన్ని నేను ఎలా తేల్చుకున్నానో రాస్తున్నాను.

మొదట అందరినీ ఒక్కో కోరిక చెప్పమన్నాను. నాన్నకి సింహాచలం దర్శనం. అమ్మకి సముద్రం ఎదురుగా కూర్చోవడం. పిల్లలకి సబ్‌మెరైన్. అక్కకి బొర్రా గుహలు, కాఫీ తోటలు. తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్‌లో పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూసి చూసి, అది లేకపోతే నేను రానన్నాడు. మరదలికి లంబసింగి చలి. బావగారికి ఘాట్ రోడ్డు మీద తనే బండి నడపాలని. పెద్దమ్మ మాత్రం "నన్నెక్కడైనా కూచోబెట్టండే, మెట్లు మాత్రం ఎక్కించకండి" అంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన మ్యాపు తెరిచి కూర్చున్నాను.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. మ్యాపు మూడు గంటల పైచిలుకు చూపిస్తుంది. ఆ లెక్క ఎక్కడా ఆగని కారుది. పన్నెండు మంది రెండు బళ్లలో వెళ్తుంటే టిఫిను, టీ, బాత్రూమ్, ఒకరికి కడుపులో తిప్పడం, ఇంకొకరికి ఫొటో అన్నీ కలిసి అది ఐదు గంటలవుతుంది. అందుకే దూరాలు పక్కన పెట్టేసి గంటలతోనే ఆలోచించడం మొదలుపెట్టాను.

నాన్న ఒక మాట గుర్తు చేశారు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచే వెళ్లిన ఒక కుటుంబం బస్సు, అరకు నుంచి దిగుతూ అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. అప్పటికే చీకటి పడిపోయింది. వాళ్లూ మనలాగే అందరూ కలిసి సరదాగా బయల్దేరినవాళ్లు. ఆ వార్త మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. నాన్న వెళ్లొద్దనలేదు, "చీకట్లో ఘాట్ మీద ఉండకుండా చూడమ్మా, మిగతాది నీ ఇష్టం" అన్నారు. నేను దాన్నే మొత్తం ప్రయాణానికి నియమంగా పెట్టుకున్నాను. సూర్యాస్తమయం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. విశాఖ మనకి బాగా తూర్పున ఉంది. పొద్దు మనకంటే దాదాపు ఇరవై నిమిషాలు ముందే వాలుతుంది. డిసెంబరులో ఐదున్నర కాకముందే సూర్యుడు దిగిపోతాడు. కొండల మధ్య ఆ వెలుగు కూడా ఉండదు, నాలుగున్నరకే నీడ కమ్ముకుంటుంది, ఆపైన మంచు. కాబట్టి ఘాట్ మీద మాకు గడువు నాలుగు గంటలు. ఏ రోజైనా నాలుగింటికల్లా బండి ఆగాలి. ఆరున్నర దాకా తిరుగుదాంలే అని హైదరాబాద్ గడియారంతో అనుకుంటే కుదరదు.

ఈ నియమం పెట్టుకోగానే చాలా ప్రశ్నలు వాటంతట అవే తెగిపోయాయి. పొద్దున విశాఖలో బయల్దేరి, అరకు చూసి, రాత్రికి తిరిగొచ్చే ఒక్కరోజు టూరు పోయింది. ఎందుకంటే అందులో దిగడం ఎప్పుడూ చీకట్లోనే. హైదరాబాద్ నుంచి సొంత కార్లలో వెళ్దామన్న బావగారి మాటా పోయింది. ఆరువందల కిలోమీటర్లకు పైగా నడిపినవాళ్లు మర్నాడు ఘాట్ ఎక్కకూడదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే పొద్దున్నే విశాఖలో దిగుతాం, అందరికీ నిద్ర ఉంటుంది.

బావగారిని ఒప్పించడానికి కాస్త టైము పట్టింది. ఆయన శ్రీశైలం ఘాట్ ఎన్నోసార్లు నడిపారు, చెయ్యి మంచిది. కానీ నేను అడిగింది వేరే. "బావగారూ, మీరు స్టీరింగ్ పట్టుకుంటే లోయ చూడగలరా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ముందు సీటు నాకే ఇవ్వాలి అన్నారు. అలా విశాఖలోనే డ్రైవర్లతో సహా రెండు ఏడు సీట్ల కార్లు మాట్లాడాం. పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ అయితే అందరం ఒకే బండిలో ఉండొచ్చు, ఖర్చూ తక్కువే. అయినా వద్దనుకున్నాను. మలుపుల్లో పొడుగు బండి వెనక సీట్లవాళ్లకి కుదుపు ఎక్కువ, పైగా ఒక్కరికి వాంతి వస్తే పన్నెండు మందీ ఆగాలి. మాట్లాడుకునేటప్పుడే డ్రైవర్లు అరకు, పాడేరు రెండు దారులూ రెగ్యులర్‌గా నడిపేవాళ్లే కావాలని, రాత్రి వాళ్లు పడుకోవడానికి గది మేమే ఇస్తామని చెప్పేశాను. రాత్రంతా కారులో నడుం వాల్చిన మనిషి పొద్దున్నే మన పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఘాట్ దిగడం నాకు ఇష్టం లేదు. ఆ గది డబ్బులు ఈ ప్రయాణంలో అన్నిటికంటే సార్థకమైన ఖర్చు.

ఊరు ముందా, కొండ ముందా అన్నది తర్వాతి ప్రశ్న. నేను కొండని మధ్యలో పెట్టి, విశాఖని రెండు చివరలా పెట్టాను, రెండుసార్లూ ఒకే హోటల్. దీనివల్ల పెద్ద సూట్‌కేసులు హోటల్‌లోనే వదిలేసి ఒక్కొక్కరం ఒక్క చిన్న బ్యాగుతో కొండెక్కాం. కార్లలో కాళ్లు చాపుకునే చోటు మిగిలింది. ఇంకా ముఖ్యమైంది, కొండ మీద ఏ కారణంగానైనా ఒక పూట ఆలస్యమైతే అది చివరి విశాఖ రోజులోంచి పోతుంది తప్ప రైలు తప్పిపోదు. కొండ దిగి నేరుగా స్టేషనుకి పరిగెత్తేలా ప్లాన్ వేసుకుంటే, ఆ తొందరంతా ఘాట్ మీద డ్రైవర్ కాలి కిందకి వస్తుంది.

విశాఖలో మొదటి రోజు తేలిగ్గా పెట్టాను. పొద్దున సింహాచలం. మధ్యాహ్నం పడుకోవడం. తర్వాత బీచ్ రోడ్డు. కురుసుర సబ్‌మెరైన్‌ని 2002లో ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు, దానికి సోమవారం సెలవు, కాబట్టి ఏ వారం ఏ రోజు విశాఖలో ఉంటామో ముందే చూసుకోవాలి. లోపల గది నుంచి గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. పెద్దమ్మా అమ్మా ఎదురుగా ఇసుకలో కూర్చున్నారు, పిల్లలు లోపల నుంచి వచ్చి టార్పెడోల గురించి వాళ్లకి కథలు కథలుగా చెప్పారు. రోడ్డుకి అవతలే టీయూ-142 విమానం మ్యూజియం ఉంది.

ఆ రోజు సాయంత్రం కైలాసగిరికి రోప్‌వేలో కాకుండా కావాలనే కారులో తీసుకెళ్లాను. చిన్న కొండే, కానీ మలుపులున్నాయి. ఎవరికి కడుపులో తిప్పుతుందో అక్కడే తెలిసిపోతుందని నా ఉద్దేశం. తెలిసింది కూడా. అక్క చిన్నకూతురు, పెద్దమ్మ, ఊహించని విధంగా అమ్మ. ఆ రాత్రే సీట్లు మళ్లీ రాసుకున్నాం. డాక్టరుని ముందే అడిగి తెచ్చుకున్న మాత్రలు బయల్దేరే అరగంట ముందు ఎవరెవరికి ఇవ్వాలో తేలింది. నగరంలో ఉండగానే ఇలా పరీక్షించుకోవడం చాలా అక్కరకొచ్చింది.

కొండెక్కే రోజు బృందాన్ని రెండుగా విడదీశాను. కడుపులో తిప్పే ముగ్గురూ, నాన్న, అక్క, పిల్లల్లో ఇంకొకరు బొర్రా, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కారు. అది పొద్దున్నే ఏడుకల్లా విశాఖలో కదులుతుంది. కొత్తవలస–కిరండూల్ లైనుని 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి వేశారు. లైను మొత్తమ్మీద 58 సొరంగాలున్నాయి. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలు 2017 నుంచి నడుస్తున్నాయి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. శీతాకాలం వారాంతాల్లో ఆ సీట్లు వెంటనే అయిపోతాయి కాబట్టి ఆ రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. మేం శుక్రవారం ఎక్కేలా చూసుకున్నాం.

మిగతా ఆరుగురం రెండు కార్లలో ఆరింటికే బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట (శృంగవరపుకోట)లో టిఫిను, ట్యాంకులు నింపుకోవడం. మాకు ముందు నడిచిన డ్రైవర్ గారు యాభై ఏళ్ల మనిషి, ఎస్.కోట పక్క ఊరాయనే. ఘాట్ మొదలయ్యే ముందు ఆపి, టైర్లు నాలుగూ కాలితో తట్టి చూసి, వెనక కారు డ్రైవర్‌తో రెండు మాటలు మాట్లాడొచ్చారు. బావగారు ఆయన్ని దారి పొడుగునా ప్రశ్నలడుగుతూనే ఉన్నారు. ఎక్కే బండికే దారి ఇవ్వాలి, ఎందుకంటే ఎక్కేవాడు ఆగితే మళ్లీ అందుకోవడం కష్టం. మలుపు కనపడక ముందే హారన్ కొట్టాలి, కొట్టాక అవతలి హారన్ కోసం చెవి పెట్టాలి. పాటలు చిన్నగా పెట్టమన్నది అందుకే. "ఎక్కేటప్పుడు ఏ గేర్లో ఎక్కామో దిగేటప్పుడు అదే గేర్లో దిగాలండి. బ్రేకు తొక్కుకుంటా దిగితే కాలిపోద్ది, అప్పుడు ఎంత తొక్కినా పట్టదు" అన్నారాయన. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లని తలుచుకుని ఆయన గొంతు కటువైంది.

బొర్రా గుహల స్టేషనులో రైలు దిగినవాళ్లని మా కార్లలో ఎక్కించుకున్నాం. పిల్లలిద్దరికీ సొరంగాల లెక్క కలవలేదు, ఆ గొడవ అరకు దాకా సాగింది. గుహలు పదింటికి తెరుస్తారు. ముందే ఉన్నాం కనక రద్దీ లేదు. సున్నపురాయిలోంచి నీటి చుక్కలు ఒక్కొక్కటే కారి, యుగాల తరబడి పేరుకుని తయారైన స్తంభాలు అవి. ఒకచోట గైడు లైటు వేసి చూపించాడు, పైనుంచి వేలాడుతున్న రాతి కొసన ఒక చుక్క నిలిచి ఉంది, మేం చూస్తుండగా జారి కిందున్న రాతి మొన మీద పడింది. మెట్లు చాలా ఉన్నాయి. పెద్దమ్మని పైనే ఉంచి, మరదలు తోడు కూర్చుంది. ప్రతిచోటా పెద్దమ్మతో ఎవరు ఆగాలో వంతులు ముందే వేసుకున్నాం. అందువల్ల ఎక్కడా ఎవరూ మొహం చిన్నబుచ్చుకోలేదు, పెద్దమ్మకీ తన వల్ల ఇబ్బంది అనిపించలేదు.

గుహల బయట ఒకావిడ నిప్పుల్లోంచి పచ్చి వెదురు బొంగు లాగి, మూతికి కుక్కిన ఆకు తీసేసి, విస్తట్లోకి వంచింది. బొంగులో చికెన్ అంటే పేరు వినడమే తప్ప ఎప్పుడూ తినలేదు. నూనె చుక్క ఉండదు. ముక్కకి వెదురు తడి వాసన, మసాలా పట్టి ఉంటాయి. మా ఆయన ఇంకో బొంగు చెప్పారు.

మెయిన్ రోడ్డెక్కి అనంతగిరి దాటాక దారి ఆగిపోయింది. మలుపులో లోడు లారీ ఒకటి చెడిపోయి అడ్డంగా నిలిచింది. బళ్లు అటూ ఇటూ బారులు తీరాయి. గంట దాటింది. మా డ్రైవర్ గారు మాత్రం బారులో చొరబడకుండా వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపారు, చక్రాల కింద రాళ్లు పెట్టారు. మేం దిగి పక్కనున్న కాఫీ తోట చూస్తూ నిలబడ్డాం. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు, కొన్నిటికి ఎర్రగా పండిన కాయలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ తోటలు ఎక్కువగా గిరిజన రైతులవి. అక్క ఆ కాయ ఒకటి కొరికి తియ్యగా ఉందంది. గాలికొండ వ్యూపాయింటు, చాపరాయి జలపాతం, గిరిజన మ్యూజియం మూడూ ఆ రోజు కాగితం మీద ఉన్నాయి. దారి వదిలేసరికి గడియారం చూసి చాపరాయి కొట్టేశాను. ఎవరూ వాదించలేదు, నాలుగు గంటల నియమం అప్పటికి అందరిదీ అయిపోయింది. గదులకి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. పిల్లలు మ్యూజియం దాకా వెళ్లొచ్చారు, పెద్దవాళ్లు కంబళ్లు కప్పుకుని అరుగు మీద కూర్చున్నారు.

అన్నిటికంటే చిక్కు వంజంగి. మేఘాలు కాళ్ల కింద కనబడాలంటే సూర్యోదయానికి ముందే కొండ మీద ఉండాలి. అరకు నుంచి వెళ్లాలంటే రాత్రి రెండున్నరకి లేచి మంచులో పాడేరు దాకా బండి నడపాలి. అది నాన్నకిచ్చిన మాటకి విరుద్ధం. లంబసింగిదీ ఇదే ఇబ్బంది, ఆ చలీ ఆ మంచూ తెల్లవారుజామునే. రెండూ కావాలంటే రెండు రోజులు చీకట్లో తిరగాలి. తమ్ముడూ మరదలూ మాట్లాడుకుని లంబసింగి వదులుకున్నారు. మరదలు వదులుకుంది అనాలి, అందుకు ఆ అమ్మాయికి నేను రుణపడి ఉంటాను. వంజంగి కోసం రెండో రాత్రి మకాం పాడేరుకి మార్చాను. అరకు నుంచి హుకుంపేట మీదుగా పట్టపగలు తీరిగ్గా వెళ్లాం. వలిస పూల కాలం నవంబరుతోనే దాదాపు అయిపోతుంది, అయినా దారిలో ఒకటి రెండు చేలు ఇంకా పసుపుపచ్చగా ఉన్నాయి. పాడేరులో అరకులో ఉన్నన్ని హోటళ్లు లేవు, శుభ్రమైన లాడ్జి గదులు దొరికితే చాలనుకోవాలి. మోదకొండమ్మ గుడికి పెద్దవాళ్లు సాయంత్రం నడిచే వెళ్లొచ్చారు.

తెల్లారుజామున వంజంగికి మా కార్లు తియ్యలేదు. పాడేరు నుంచి రోజూ ఆ దారిలో తిరిగే స్థానిక జీపు మాట్లాడి, ఓపికున్న ఆరుగురమే వెళ్లాం. ఊరు దగ్గరే, ఘాట్ ఏమీ కాదు. జీపు దిగాక టార్చి వెలుగులో కొండెక్కాలి, రాళ్ల దారి, బూట్లు మంచివి ఉండాలి. పైకి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. కింద లోయ లేదు. ఉన్నదంతా తెల్లటి మేఘం, అందులోంచి అక్కడక్కడా కొండ కొమ్ములు. సూర్యుడు వచ్చాక ఆ తెలుపు అంచులు కదలడం మొదలైంది, ఒక కొండ మీంచి పొర్లి అవతలికి జారింది. తమ్ముడు ఫోన్ తియ్యడం మర్చిపోయి నిలబడ్డాడు. మిగతావాళ్లు లాడ్జిలో హాయిగా నిద్రపోయారు.

పాడేరు ఘాట్ దిగడం పదింటికి మొదలుపెట్టాం, మంచు పూర్తిగా విడిపోయాకే. ఈ దారి అనంతగిరి కంటే ఇరుకు అనిపించింది. ఈసారి నేను ముందు కారులో వెనక వరసలో కూర్చుని వెనక్కే చూస్తున్నాను. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కనక మా రెండు కార్లకీ ఒక ఒప్పందం: వెనక కారు కనబడకపోతే ముందు కారు వెడల్పైన చోట చూసి ఆగాలి, అది వచ్చేదాకా కదలకూడదు. డ్రైవర్ల నంబర్లు, లాడ్జి నంబరు ఫోన్లలోనే కాకుండా రెండు కాగితాల మీదా రాసి చెరో కారులో పెట్టాను. ఏజెన్సీ (మన్యం) చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం బళ్లు ఆపి చూస్తారు. గుర్తింపు కార్డులు పైన పెట్టుకుంటే, బ్యాగులు అడగ్గానే తెరిస్తే రెండు నిమిషాల పని. ఫోన్ చెల్లింపులు పనిచెయ్యనిచోట్ల కోసం నగదు ఉండాలి, అది కూడా చిన్న నోట్లు.

ఘాట్ దిగి మాడుగులలో ఆగి హల్వా కొన్నాం. గోధుమ పాలతో, నెయ్యితో ముదురు రంగులో చేస్తారు, ఆ ఊరి పేరే దానికి పేరు. చోడవరంలో భోజనం చేసి, సబ్బవరం మీదుగా మూడింటికల్లా విశాఖలో ఉన్నాం. డ్రైవర్ గార్లిద్దరికీ హల్వా పొట్లాలు, బత్తాతో పాటు విడిగా ఇచ్చి దండం పెట్టాం. అమ్మ కోరిన సముద్రం ఆ సాయంత్రమే తీరింది. తిరుగు రైలు మర్నాడు సాయంత్రం, కాబట్టి ఎవరికీ కంగారు లేదు.

డబ్బు సంగతి. పెద్దవాళ్ల ముగ్గురి ఖర్చూ మేం మూడు జంటలం సమానంగా పంచుకున్నాం, పిల్లలకి సగం లెక్క. బయల్దేరే ముందే తలా కొంత నా ఖాతాలో వేశారు, బళ్లు, గదులు, భోజనాలు అందులోంచే. ఎవరి కొనుగోళ్లు వాళ్లవి. రోజూ రాత్రి లెక్క గ్రూపులో పెట్టేదాన్ని, రైల్లోనే మిగిలింది తిరిగి పంపేశాను.

సంక్రాంతి సెలవుల తర్వాత పిన్ని వాళ్లు ఇదే దారిలో వెళ్తామన్నారు. నా కాగితాలన్నీ ఇచ్చాను. ముందు పాడేరు గదులు, తర్వాత విస్టాడోమ్ సీట్లు, ఆ రెండూ దొరికాకే విశాఖ హోటల్, గోదావరి టికెట్లు చూసుకోమన్నాను. జనవరి చివరికి పొద్దు కాస్త సాగుతుంది, అయినా నాలుగు గంటల గడువు మార్చొద్దని బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను.